ఎరువు తెచ్చుకున్న పాట

సంక్రాంతికి ఇల్లు దులపడమనేది మా ఇంట్లో ఒక చిన్న యుద్ధం. అందులో ఏటా ఓడిపోయేది నేనే. ఈ ఏడు మా ఆవిడ అటకమీంచి ఒక గోనెసంచి దింపించి, హాల్లో బోర్లించి, "ఇదుగో మీ ఆస్తి. ఉంచడమో పారెయ్యడమో తేల్చండి. మళ్ళీ అటకెక్కిస్తానంటే మాత్రం కుదరదు" అంది.

చూద్దును గదా, క్యాసెట్లు! నూటికి పైమాటే. కొన్నింటికి పెట్టెలున్నాయి, కొన్నింటికి లేవు. కొన్నింటి టేపు బయటికొచ్చి చిక్కుపడ్డ సవరంలా వేలాడుతోంది. అడుగున ఓ పాతిక సీడీలు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి.

సమయానికి వీధిలో పాతసామాన్ల బండి వచ్చింది. అతను పేపర్లకి కిలోకి ఇంతనీ, ఇనుముకి ఇంతనీ లెక్కగట్టి, క్యాసెట్ల దగ్గరికొచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. "ఇయ్యెవరు కొంటారు బాబుగారూ? ప్లాస్టిక్కులో కూడా కలవవు. లోపల రీలుంటది, మరలుంటయ్యి. అయ్యన్నీ ఊడదీసే టయిమెవరికుంది?" అన్నాడు. నా మొహం చూసి జాలేసిందేమో, "పోనీ ఆ గోతం ఇయ్యండి, తీసుకుంటా" అన్నాడు. అంటే ముప్ఫై ఏళ్ళ నా సంగీత రసికత్వానికి వెల లేదు గాని, దాన్ని మోసిన గోనెసంచికి ఉందన్నమాట.

పండక్కి హైదరాబాదు నించి వచ్చిన మా అబ్బాయి ఇదంతా సోఫాలో పడుకుని చూస్తున్నాడు. "నాన్నా, అవన్నీ నీ ఫోన్లో ఉన్నాయి గదా. కోట్ల పాటలు! ఇంకా ఈ చెత్తెందుకు?" అన్నాడు.

నిజమే, ఉన్నాయి. కిందటేడు వాడే నా ఫోన్లో ఆ ఏర్పాటేదో చేసిపెట్టాడు. నెలనెలా డబ్బు వాడే కడుతున్నాడు. నేను చెయ్యాల్సిందల్లా పాట పేరు నోటితో చెప్పడం. చెప్పీ చెప్పగానే పాట మొదలు. మొదటి నెల రోజులూ నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. చిన్నప్పుడు రేడియోలో సగం విని, కరెంటు పోవడం వల్ల మిగతా సగం వినలేకపోయిన పాటలన్నీ వెతుక్కుని, ఆ మిగతా సగాలు విన్నాను. కొన్నింటికి మొదటి సగమే బాగుంది. అది వేరే సంగతి.

అయితే మొన్న కార్తీకమాసంలో ఒక చిత్రం జరిగింది. రోజూ పడుకునే ముందు వినే పాట ఒకటుంది, పాత లలితగీతం. ఆ రాత్రి దాన్ని నొక్కితే పలకలేదు. పేరు కనిపిస్తోంది, కాని బూడిదరంగులో. నల్లగా ఉన్న పదిమంది పాటల మధ్య అదొక్కటే తెల్లబోయి నించుంది. ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దున్నే మా వాడికి ఫోన్ చేసి అడిగితే, "లైసెన్సు అయిపోయుంటుంది నాన్నా. కంపెనీలకీ కంపెనీలకీ మధ్య ఏదో ఉంటుంది. ఇంకో పాట విను" అన్నాడు.

లైసెన్సు అన్నమాట వినగానే నాకు నవ్వొచ్చింది. నా ఈడు వాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రేడియో కొంటే పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు పుస్తకం తెచ్చుకోవాలి, ఏటా డబ్బు కట్టి అందులో ముద్ర వేయించుకోవాలి. 1980ల నడుమ ఎత్తేసేదాకా అదే పద్ధతి. మా నాన్నగారు ఆ పుస్తకాన్ని ఇంటి దస్తావేజుల్తో కలిపి ఇనప్పెట్టెలో దాచేవారు. ఆ బాధ వదిలిందిరా భగవంతుడా అనుకుంటే, నలభై ఏళ్ళ తరవాత అదే మాట పిల్లి మొగ్గ వేసి మళ్ళీ ఇంట్లోకొచ్చింది. తేడా ఏమిటంటే, అప్పుడు లైసెన్సు పుస్తకం నా దగ్గరుండేది. ఇప్పుడది ఎవరి దగ్గరుందో నాకు తెలీదు.

ఇదేదో నా ఒక్కడి గోడనుకోకండి. 2009 జులైలో అమెరికాలో ఇంకా విచిత్రం జరిగింది. కిండిల్ అనే పలకలాంటి యంత్రంలో చదువుకోడానికి కొందరు డబ్బిచ్చి పుస్తకాలు కొన్నారు. ఒకరోజు చూసుకుంటే వాటిలో రెండు లేవు. అమ్మినవాడికి అసలు అమ్మే హక్కు లేదని తేలి, అమెజాన్ కంపెనీ వాళ్ళు ఎక్కణ్ణించో మీట నొక్కి అందరి యంత్రాల్లోంచీ తీసేశారు. డబ్బు వాపసిచ్చారు లెండి. పోయిన ఆ రెండు పుస్తకాలూ జార్జి ఆర్వెల్ రాసినవి. అందులో ఒకటి '1984'! గిట్టని కాగితాన్ని గోడకన్నంలో పడేస్తే కాలి బూడిదయ్యే రాజ్యం గురించిన నవల అది. వేరే ఏ వంటల పుస్తకం పోయినా లోకం అంత నవ్వి ఉండేది కాదు. ఒక హైస్కూలు కుర్రాడు ఆ నవలని పాఠంగా చదువుతూ అందులోనే నోట్సు రాసుకున్నాడు. పుస్తకం పోయాక, ఏ పేజీ గురించి రాసుకున్నవో తెలియక ఆ నోట్సు దేనికీ పనికిరాకుండా పోయింది. కోర్టుకెళ్ళాడు, కంపెనీ రాజీకొచ్చింది, కంపెనీ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

తరవాత తరవాత ప్రభుత్వాలకీ ఈ సంగతి తట్టినట్టుంది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నించి ఒక చట్టం అమల్లోకొచ్చింది. ఇలాంటి కనపడని సరుకు అమ్మే దుకాణం 'కొనండి' అని రాస్తే, మీకు దక్కేది సరుకు కాదు, లైసెన్సు మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలి. ఆ మాట చెప్పించడానికి ఒక చట్టం కావలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఎంతమంది అమాయకంగా 'కొన్నాం' అనుకున్నారో ఊహించుకోండి.

మన భాషలో ఇచ్చిపుచ్చుకోడానికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వడ్డీకి తెస్తే అప్పు. జేబులోంచి తీసి ఇచ్చి, ఒకటో తారీఖున పుచ్చుకుంటే చేబదులు. పక్కింట్లో గ్లాసుడు పంచదార కొలిపించుకుని, సరుకులొచ్చాక గ్లాసుడు కొలిచి ఇచ్చేస్తే బదులు. వస్తువు తెచ్చుకుని, వాడుకుని, మళ్ళీ ఆ వస్తువే తిరిగిచ్చేస్తే ఎరువు. ఈ కాలం పిల్లలకి ఎరువంటే పొలంలో చల్లే యూరియా తప్ప మరోటి తెలియదు గాని, మా చిన్నతనంలో పెళ్ళికి కాసులపేరూ, పేరంటానికి పట్టుచీరా, తద్దినానికి పెద్ద గంగాళం అన్నీ ఎరువే. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మెళ్ళో ఉన్నంతసేపూ అది మన బంగారం కంటే బరువుగా ఉంటుంది. ఎక్కడ జారిపడుతుందోనని చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికెళుతుంది.

ఫోన్లో పాటకి వీటిలో ఏ మాటా అతకదు. తిరిగివ్వక్కర్లేదు గనక ఎరువు కాదు. అద్దె అందామంటే, అద్దెకిచ్చినవాడు ఖాళీ చెయ్యమనే ముందు ఒక మాటైనా చెబుతాడు. నాకు తోచిన పోలిక సత్రం ఒక్కటే. పడుకోవచ్చు, తినొచ్చు, నూతి దగ్గర స్నానం చెయ్యొచ్చు. చెంబు మాత్రం మనది కాదు. డబ్బు పుచ్చుకునే సత్రం అనుకోండి.

ఇంతవరకూ రాసి చూసుకుంటే నేనేదో పాతకాలాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నట్టు నాకే అనిపించింది. అంచేత రెండో పక్క కూడా చెప్పాలి.

మా చిన్నప్పుడు ఊరు మొత్తానికీ గ్రామఫోను ఉన్నది ఒకే ఒక్క ఇంట్లో. కుక్కబొమ్మ ఉన్న రికార్డులు, లక్కతో చేసినవి. పక్కకి మూడు నిమిషాల పాట. చెయ్యి జారితే పెంకులే. సాయంత్రం వాళ్ళు పాట పెడితే మేం పిల్లలం అరుగు మీద చేరేవాళ్ళం. పాలేళ్ళ పిల్లలు అరుగెక్కడానికి వీల్లేదు, వీధిలో నించుని వినాలి. వర్షమొస్తే మేం లోపలికి జరిగేవాళ్ళం, వాళ్ళు ఇంటికి పోయేవాళ్ళు. పాట వస్తువుగా ఉన్న రోజుల్లో ఆ వస్తువుకో ఇల్లూ, ఆ ఇంటికో అరుగూ, ఆ అరుక్కో నియమం ఉండేవన్నమాట. ఇవాళ మా ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి ఫోన్ని పంపు పక్కన గోడకి ఆనించి తనకిష్టమైన పాట తను వింటుంది. ఎవరి అరుగు ముందూ నించోదు. ఈ ఒక్క సంగతి చూసినా, పోయిన కాలం కోసం గుండెలు బాదుకునే హక్కు నాకు లేదనిపిస్తుంది.

పైగా వస్తువైనంత మాత్రాన నిలుస్తుందనీ లేదు. మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, హెచ్.ఎం. రెడ్డిగారు తీసింది. ఇవాళ చూద్దామంటే ఒక్క ప్రతి లేదు. 1931 నాటి 'ఆలం ఆరా' గతీ అంతే. అవి లైసెన్సు తీరి పోయినవి కావు. రీళ్ళున్నాయి, డబ్బాలున్నాయి, వాటిని మోసిన మనుషులున్నారు. ఆడినన్నాళ్ళు ఆడించి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఫిల్ముని కరిగించి అందులోని వెండి తీసుకునేవారు. సినిమా కంటే దాంట్లో వెండికి విలువెక్కువన్నమాట. మా పాతసామాన్లవాడి గోతం లెక్క కొత్తదేం కాదు.

ఇక మా క్యాసెట్ల సంగతా? ఫిలిప్స్ కంపెనీ వాళ్ళు 1963లో దాన్ని లోకం మీదికి వదిలారు. మా దాకా వచ్చేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం ప్రతి ఊళ్ళోనూ రికార్డింగు సెంటర్లు లేచాయి. ఒక ఖాళీ క్యాసెట్టూ, కాగితం మీద పాటల జాబితా ఇస్తే, నాలుగు రోజులకి రికార్డుల్లోంచి ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాలదైతే పన్నెండో పదమూడో పాటలు. చివర్న జాగా మిగిలితే తనకిష్టమైన పాటొకటి ఊరికే వేసేవాడు. అందులో ఒక్క పైసా కూడా పాడినవాళ్ళకి గాని, రాసినవాళ్ళకి గాని చేరలేదు. మేమెవరం ఆ ఆలోచన చెయ్యలేదు. ఇవాళ మా అబ్బాయి నెలనెలా కట్టే డబ్బులో ఎంతో కొంతైనా వాళ్ళ వైపు వెళుతుందంటే, వాడు నాకంటే పెద్దమనిషే గదా.

ఇలా నాలో నేనే వాదించుకుని, నేనే ఓడిపోయి, సంచిలోవి ఒక్కొక్కటే తీసి మునిసిపాలిటీ బండికి వెయ్యాల్సినవి ఒకపక్కకి పెడుతున్నాను. సగం అయింది. అప్పుడు చేతికొచ్చింది అది.

తొంభై నిమిషాల క్యాసెట్టు. అట్ట మీద నీలం సిరాతో, గొలుసుకట్టు రాతలో 'భక్తిరంజని - అమ్మ' అని ఉంది. నా చేతిరాత కాదు. వెనకవైపు రెండు చిన్న పలుకులు విరిచేసి ఉన్నాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ ఎవరూ రికార్డు చెయ్యలేరు. అది పారేసుకోకూడదనుకున్నవాడి జాగ్రత్త.

ఆ చేతిరాత ఎవరిదో చెబుతాను. 1986లో నేను తెనాల్లో ఉద్యోగం చేసేవాణ్ణి. ఒకే లోగిట్లో రెండు వాటాలు. పక్కవాటా వాడూ, నేనూ ఒకే ఆఫీసు, ఒకే ఈడు. వాళ్ళ బావగారు కువైట్ నించి టూ-ఇన్-వన్ తెచ్చిచ్చాడు. విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వచ్చేది. వాళ్ళమ్మగారు, నేను పిన్నిగారనేవాణ్ణి, కాఫీ డికాక్షను దించుతూ రేడియోతో కలిసి పాడుకునేది. పాట నేర్చుకున్న మనిషి కాదు, కాని గొంతు రేడియో కంటే ఒక మెట్టు పైన నిలబడేది. మావాడు ఓ రోజు ఆవిడకి చెప్పకుండా రికార్డు మీట నొక్కాడు. అందులో పాటలున్నాయి, మధ్యమధ్య గిన్నెల చప్పుడుంది, పాలవాడు తలుపు తట్టడం ఉంది, ఆవిడ పాట ఆపి "ఏమయ్యా, ఇవాళ పాలల్లో నీళ్ళు పోశావా, నీళ్ళల్లో పాలు పోశావా?" అని అడిగి మళ్ళీ చరణం అందుకోవడం ఉంది. వింటే మేమందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. ఆవిడ సిగ్గుపడి, "చెరిపెయ్యరా, నలుగురూ వింటే ఏమనుకుంటారు" అనేది. అందుకే వాడు పలుకులు విరిచేశాడు.

అది నేను రెండ్రోజులకని ఎరువు తెచ్చుకున్నాను.

ఆ తరవాత బదిలీ, సామాన్ల మూటలు, విప్పని ట్రంకు పెట్టెలు. 1992లో పిన్నిగారు పోయారు. కబురు తెలిసి వెళ్ళలేకపోయాను, ఉత్తరం రాశాను. నెల తరవాత వాడి దగ్గర్నించి కార్డొచ్చింది. అమ్మ గొంతున్నది ఆ ఒక్క క్యాసెట్లోనే, నీ దగ్గరేమైనా ఉందేమో చూడమని. ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోడానికి ముప్ఫై ఏళ్ళు దాటినా సిగ్గుగానే ఉంది. వెతకలేదు. మంచం కిందున్న ట్రంకు పెట్టె లాగాలి, తాళంచెవి కనపడలేదు. ఇచ్చేసినట్టే లీలగా జ్ఞాపకం వచ్చింది. ఆ లీలని ఇంకాస్త ముదరబెట్టి, "బదిలీకి ముందే నీ చేతికిచ్చాను గదరా, మీ ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది చూడు" అని రాసి పడేశాను. వాడు మళ్ళీ అడగలేదు. తగాదా ఏం లేదు. పెళ్ళిళ్ళకి పిలుపులున్నాయి, వెళ్ళడాలున్నాయి. కాని వాడు నాతో 'ఏరా' అనడం తగ్గించి, 'ఏమయ్యా' అనడం మొదలుపెట్టింది ఆ తరవాతేనని నాకు ఇన్నేళ్ళకి, హాల్లో గచ్చు మీద కూచుని ఉండగా తట్టింది.

మరి ఆ రోజుల్లో ఫోన్లో పాటలుండి ఉంటే? వాడికి కావాల్సిన పాట నేను ఒక్క మీటతో పంపేవాణ్ణి. వాడి పాట వాడి దగ్గరుండేది, నా పాట నా దగ్గరుండేది. ఎరువూ లేదు, ఎగవేతా లేదు, కార్డు ముక్కా లేదు. మా అబ్బాయి, వాడి స్నేహితులూ పుట్టిన దగ్గర్నించి ఒకరి దగ్గర ఒకరు పాట ఎరువు తెచ్చుకున్నవాళ్ళు కారు. ఎగ్గొట్టినవాళ్ళూ కారు. దాన్ని అదృష్టమనాలో మరేమనాలో నాకు అంతుపట్టలేదు. నేను చేసిన తప్పు చెయ్యడానికి వాళ్ళకి వీలే లేదు. ఆ తప్పు దిద్దుకోడానికీ వీల్లేదు మరి.

ఇలాంటిదే ఒకటి చదివాను. నెట్‌ఫ్లిక్స్ అని మన పిల్లలు రాత్రింబవళ్ళు చూస్తున్నారే, ఆ కంపెనీ మొదట్లో సినిమా డీవీడీలు పోస్టులో ఎరువిచ్చే కొట్టు. 1998లో మొదలెట్టారు. ఎర్ర కవర్లో డిస్కు వచ్చేది, చూసి మళ్ళీ ఆ కవర్లోనే పెట్టి పోస్టు డబ్బాలో వెయ్యాలి. ఇచ్చేస్తే ఇంకోటి పంపేవారు. పాతికేళ్ళలో ఐదువందల కోట్ల పైచిలుకు డిస్కులు పంపారట. 2023 సెప్టెంబరు 29న ఆఖరి కవర్లు బయల్దేరాయి. ఆ ఆఖరి విడత డిస్కులు తిరిగివ్వక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండని చెప్పేశారు. చదివినవాళ్ళు ఔదార్యం అనుకుని ఉంటారు. నాకు మాత్రం, తిరిగి పుచ్చుకునే మనిషే లేనప్పుడు ఆ కవరు చేతిలో పట్టుకుని వాకిట్లో నించున్నవాడే కళ్ళక్కట్టాడు.

మొన్నమొన్న 2022లో అదే అమెరికాలో సీడీల కంటే పాతకాలపు పెద్ద రికార్డులు ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తరవాత అదే మొదటిసారి. కుర్రకారు కొంటున్నారుట. గోడకి తగిలించుకోడానికైనా సరే, చేత్తో పట్టుకునేది ఒకటి కావాలనిపిస్తుంది కాబోలు. నేనైతే ఇందులో పడి మురిసిపోను. ఖరీదైన సరదా ఎప్పుడూ ఉన్నదే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంగ్లండు వాళ్ళ సంగతి. బి.బి.సి. వాళ్ళు 1960లలో 'డాక్టర్ హూ' అని పిల్లల ధారావాహికొకటి ప్రసారం చేశారు. టేపు ఖరీదైనది గనక, ఆడిన భాగాల మీదే తరవాత వేరేవి రికార్డు చేసుకున్నారు. ఇవాళ్టికీ తొంభైకి పైగా భాగాల బొమ్మ దొరకడం లేదు. కాని శబ్దం మాత్రం అన్నింటికీ మిగిలింది. ఎలాగంటారా? ప్రసారమవుతున్నప్పుడు టీవీ ముందు టేపురికార్డరు పెట్టుకుని ఇంట్లో కూచున్న పిల్లల వల్ల. చట్టం దృష్టిలో వాళ్ళూ మా రికార్డింగు సెంటరువాడి చుట్టాలే. అంత పెద్ద కంపెనీ పారేసుకున్నదాన్ని ఎవరో పిల్లాడు అటకమీద దాచాడు. మరి మా వాడి అటకమీది వస్తువుని పారేసుకున్నది నేనూ!

మధ్యాహ్నం భోజనం అయ్యాక మా ఆవిడతో చెప్పాను. ఆవిడ క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నయ్యగారు అప్పట్లో నన్నూ ఒకసారి అడిగారు. మీ మాట పట్టుకుని నేనూ లేదన్నాను" అంది. ఇంకేం అనలేదు. అని ఉంటే బాగుండేది.

వినడానికి మా దగ్గరున్న టేపురికార్డరు పలకలేదు. బ్రాడీపేటలో ఇంకా ఇలాంటివి బాగుచేసే ముసలాయన ఒకాయనున్నాడు. ఆయన మూత తీసి, "బెల్టు కరిగి జిగురైపోయిందండీ. మోటారు మంచిదే" అని, డబ్బాలన్నీ వెతికి సరిపోయే బెల్టొకటి వేశాడు. క్యాసెట్టు వెలుతురుకెత్తి చూసి, "అంచుకి కొంచెం బూజుంది. ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి అప్పుడు పెట్టండి. ఒకటి రెండుసార్లు ఖాయంగా వస్తుంది, తరవాత మాట నేను చెప్పలేను" అన్నాడు. పెట్టి చూపించనా అని చెయ్యి మీట మీద వేశాడు. వద్దన్నాను. ఒకటి రెండుసార్లే వచ్చేదైతే అందులో మొదటిది నాది కాదనిపించింది.

గుంటూరు నించి తెనాలి ఎంత దూరం! ప్యాసింజర్లో గంట. ఆ గంటసేపూ క్యాసెట్టు చొక్కా జేబులో పెట్టుకుని, మెళ్ళో ఎరువు కాసులపేరున్న పెళ్ళికూతురిలా చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోనిచ్చాను.

వాడు వాకిట్లోనే ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. "ఏమయ్యా, చెప్పాపెట్టకుండా?" అన్నాడు. నేను దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, జేబులోది తీసి చేతిలో పెట్టాను. అట్ట మీద రాత చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నేను ఇచ్చెయ్యలేదురా. నా దగ్గరే ఉంది. అప్పుడు వెతక్కుండా రాశాను" అన్నాను. వాడు "ఊఁ" అని మాత్రం అని లోపలికి దారితీశాడు.

మనవడు వచ్చి, "తాతయ్యా, ముందు దీన్ని ఫోన్లోకి ఎక్కించేద్దాం, మళ్ళీ తెగిపోతే?" అన్నాడు. మంచి మాటేనన్నాం ఇద్దరం. వాడు ఫోను టేపురికార్డరు పక్కన ఆనించి పెట్టాడు. మీట నొక్కాం. చాలాసేపు గాలి హోరు తప్ప ఏం లేదు. అయిపోయిందనుకున్నాను. తరవాత ఎక్కడో దూరంగా తంబూరా, దగ్గరగా గిన్నె. ఆ తరవాత ఆవిడ.

పాలవాడి దగ్గరికొచ్చేసరికి మనవడు పకపకా నవ్వాడు. మావాడు నవ్వలేదు, కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. రెండో పక్క సగంలో టేపు ఒకచోట మూలిగింది గాని తెగలేదు. అయ్యాక వాడే లేచి క్యాసెట్టు బయటికి తీసి, పెట్టెలో పెట్టి, గూట్లో దేవుడి పటాల పక్కన ఉంచాడు. కోడలు కాఫీ తెచ్చింది. అది తాగుతున్నంతసేపూ పింఛన్ల గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడుకున్నాం.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చాడు. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"ఏరా, మళ్ళీ రెండ్రోజులకి కావాలా?" అన్నాడు.

గుంటూరు బండికి ఇంకా ఇరవై నిమిషాలుంది. స్టేషను దాకా తనూ నడిచొస్తానని లోపలికెళ్ళి కండువా వేసుకొచ్చాడు.